చల్లబడింది గొట్టమా, మనిషా

కొండాపూర్,
7 ఫిబ్రవరి 1999

బావగారికి,

కవరు మీద చేతిరాత చూసి కళ్ళజోడు తుడుచుకుని ఉంటారు. అవును, నేనే. బతికే ఉన్నాను. ముప్పై రెండేళ్ళ తరవాత రాస్తున్నాను కనక క్షమించమంటాననో, క్షమించాననో అనుకోకండి. రెండూ కాదు. పని పడింది.

మీకు మతిమరుపు వచ్చి ఉంటే నేను గుర్తు చేస్తాను, నాకింకా రాలేదు. 1967లో మన కాలేజీలో పది ఎలుకల్ని అలిసిపోయేదాకా నీళ్ళలో ఈదించాను. ఐదింటిని రోజూ కాసేపు చలిగదిలో ఉంచాను, ఐదింటిని ఉంచలేదు. ఒళ్ళు బాగా అలిసినప్పుడు లోపలి కొవ్వు ప్రాణవాయువు తగిలి పాడవుతుంది. డబ్బాలో నెలరోజులున్న జంతికలు నూనె వాసన కొట్టినట్టే అదీను. చలి తగిలిన ఎలుకల్లో ఆ నష్టం తక్కువని తేల్చాను. థీసిస్ కమిటీలో కూర్చున్న మీరు, నా తోడబుట్టినదాని మొగుడు, ఒకే ఒక్క వాక్యం అన్నారు: "చల్లబడింది ఎలుకలు కాదోయ్, గొట్టాలు." అందరూ నవ్వారు. టీ తెచ్చిన అటెండరు కూడా నవ్వాడు. థీసిస్ అక్కడే ఆగింది. మీరు ప్రొఫెసరయ్యారు. నేను డిమాన్‌స్ట్రేటరుగా చేరి డిమాన్‌స్ట్రేటరుగానే రిటైరయ్యాను.

ఇప్పుడు వినండి. ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో వారానికి మూడు రోజులు కూర్చుంటాను. నా పక్క కుర్చీలో కుర్రాళ్ళు కంప్యూటర్ పుస్తకాలు తిరగేస్తారు. రెండువేల సంవత్సరం వస్తే యంత్రాలన్నీ వంద ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయని వాళ్ళ భయం. వెనక్కి వెళ్ళడం అంత తేలికైతే నేనే ముందు వెళ్ళేవాణ్ణి. అక్కడే చదివాను. జపానులో, జర్మనీలో, పోలండులో మనుషుల్ని సున్నాకి నూట పది డిగ్రీల కింద ఉన్న గదిలో రెండు మూడు నిమిషాలు నిలబెడుతున్నారట. మొదట కీళ్ళవాతానికి మొదలెట్టారు, ఇప్పుడు ఆటగాళ్ళకీ చేస్తున్నారు. నొప్పులు తగ్గాయని రాశారు. లోపలి కొవ్వు సంగతి చూసినవాడెవడూ నాకింకా తగల్లేదు.

నేను చూస్తాను. మా వీధి చివర ఐస్‌క్రీమ్ గోడౌను ఉంది. లోపల సున్నాకి ఇరవై రెండు కింద. వాళ్ళ నూట పది ఎక్కడ, నా ఇరవై రెండు ఎక్కడ అంటారు. అందుకే మూడు నిమిషాలకి బదులు ఎనిమిది. మేనేజరు ఒప్పుకున్నాడు. పరిగెత్తే పిల్లలు పదిమంది దొరికారు. ఐదుగురికి మూడు వారాలు రోజూ చలి, ఐదుగురికి లేదు. మధుమేహానికి నాకు సూదులు వేసే నర్సు అంజమ్మ నెత్తురు తీస్తుంది. గొట్టాల మీద ఒకటి నుంచి పది దాకా అంకెలే ఉంటాయి. ఏది ఎవరిదో మీకు చెప్పను.

కొలవాల్సింది మీరు. మీ శిష్యుడి లాబ్‌లో ఇంకా రోజూ కూర్చుంటారట కదా, మేనల్లుడు ఉదయ్ భాస్కర్ చెప్పాడు. మీ మనసు మీద నాకు నమ్మకం లేదు. మీ చేతి మీద ఉంది. నా మాట నిజమని మీ చేత్తోనే అంకె వేయించాలని నా కోరిక. ఆగస్టులో ఇక్కడే ఒక సదస్సు ఉంది. అక్కడ చదువుతాను, మీ పేరుకి కృతజ్ఞతలు కూడా చెబుతాను.

అక్కయ్యని అడిగానని చెప్పండి.

బుల్లిబాబు


కాకినాడ,
15 ఫిబ్రవరి 1999

చిరంజీవి బుల్లిబాబుకి ఆశీస్సులు.

నన్ను "మీరు" అంటున్నావు. పెళ్ళిపీటల మీద కూడా "ఒరే బావా" అన్నవాడివి. సరే, శిక్ష అయితే పడనీ.

కొలుస్తాను. షరతులు రెండు. అంకెలు ఎలా వస్తే అలా పంపుతాను, నచ్చకపోతే తిట్టు గానీ మళ్ళీ కొలవమనకు. రెండోది, ఆ పిల్లలకీ వాళ్ళ పెద్దవాళ్ళకీ ఏం చేస్తున్నావో చెప్పావా? ఎలుకలకి చెప్పక్కర్లేదు.

గదిలో ఎనిమిది నిమిషాలూ తలుపు దగ్గర ఎవరైనా ఉండాలి. చెమట తడి పూర్తిగా ఆరాకే లోపలికి పంపు. చేతులకీ కాళ్ళకీ ఉన్ని, ముక్కుకీ చెవులకీ గుడ్డ.

నాకూ తెలుసుకోవాలనే ఉంది. నువ్వు నమ్మవు.

సీతారామయ్య

తమ్ముడూ, ఈయన నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నారు. జంతికల పోలిక నా మీద విసురే కదా? నెలరోజులు నిలవున్నా నా జంతికలు నూనె వాసన కొట్టవు. అమ్మణ్ణి.


కొండాపూర్,
14 మార్చి 1999

బావగారికి,

ఉదయ్ భాస్కర్ ఈ శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెస్తున్న థర్మోకోల్ పెట్టెలో పది గొట్టాలున్నాయి. చుట్టూ పొగలు కక్కే పొడి ఐసు, గోడౌను వాళ్ళే ఇచ్చారు.

పెద్దవాళ్ళకి చెప్పావా అన్నారు. చెప్పాను. మొదటివాడు కొమురయ్య. పాలమూరు వైపు నుంచి వచ్చి మా ఎదుట కడుతున్న అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. వాడి కూతురు వసంత, పంతొమ్మిదేళ్ళది, ఐదువేల మీటర్లు పరిగెడుతుంది. జూన్ చివర రాష్ట్ర పోటీల్లో మొదటి ముగ్గురిలో వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో చోటు, చదువు. రాకపోతే ఆ అపార్ట్‌మెంటులోనే గిన్నెలు తోమడం. ఆ పిల్ల పరుగు చూస్తే మీరూ రోడ్డు పక్కన ఆగిపోతారు. మట్టి లేవకుండా పరిగెడుతుంది.

కొమురయ్యకి అరగంట వివరించాను. అంతా విని ఇలా అన్నాడు:

"గదంత సరే సారు. మా పోరి నెత్తురు మూడు వారాలకొక్కపారే తీస్తరు గదా? ఈడ దోమలు దినాం తీస్తున్నయి, ఆటికన్న మీరే నయం."

వాళ్ళ కోచ్ రాములు, మిలిటరీలో హవల్దారు చేసి వచ్చినవాడు, వెంటనే ఒప్పుకున్నాడు. చలి తగలని ఐదుగురే అలిగారు. "మాకెందుకు లేదు సార్ ఐస్‌క్రీమ్ రూము? మేమేం పాపం జేసినం?" అని. ప్రయోగంలో ఏమీ చెయ్యనివాళ్ళే ముఖ్యమని వాళ్ళకి చెప్పడం నావల్ల కాలేదు. నా జీవితమంతా ఆ కోవలోనే గడిచినా కూడా.

వసంత చలిగదిలోంచి వచ్చి మొదటి రోజు అన్నమాట: "తాతా, కాళ్ళు నావి కానట్టే ఉన్నయి. ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నయి. మంచిగున్నయి."

ఒక్కటే బాధ, ఈ రోడ్లు. పిల్లలు పరిగెత్తేది ఖాజాగూడ బండల దగ్గర. అక్కడికీ గోడౌనుకీ మధ్య ఎక్కడ చూసినా తవ్వి పెట్టారు. ఆ గుండ్రటి అద్దాల భవనం తెరిచినప్పటి నుంచి లారీలకి అంతు లేదు. స్కూటరు డిక్కీలో గొట్టాలు గలగలమంటుంటే, ఎర్రటి ఎండలో, గోతులు తప్పించుకుంటూ గంటంబావు. ఈ వయసులో, ఈ నడుంతో. మీరు ఫ్యాను కింద కూర్చుని పరీక్షలో వచ్చే గులాబి రంగు చూసుకోండి.

బుల్లిబాబు


కాకినాడ,
24 మార్చి 1999

చిరంజీవి బుల్లిబాబుకి,

పెట్టె చల్లగానే చేరింది. రెండేసిసార్లు కొలిచాను. పాత పరీక్షే, కొవ్వు ఎంత పాడైతే గులాబి రంగు అంత ముదురు.

2, 3, 6, 7, 10 నంబర్లు లేత. సగటు 2.1. మిగతా ఐదూ ముదురు. సగటు 3.8. లేతవాటిలో అన్నిటికన్నా ఎక్కువది కూడా ముదురువాటిలో అన్నిటికన్నా తక్కువదానికి దిగువనే ఉంది.

బుల్లీ, నా సర్వీసు మొత్తంలో ఇంత చక్కగా రెండు గుంపులుగా విడిపోయిన అంకెలు చూడలేదు. మనుషుల ఒళ్ళు అలా ఉండదు. ఒకడు ముందురోజు వేపుడు తిని ఉంటాడు, ఒకడికి జలుబు. అందుకే నాకు సంతోషం బదులు భయం వేసింది.

ఎవరిది ఏదో చెప్పొద్దు. ఒక్కటే అడుగుతాను. స్కూటరు అన్నావు. పది గొట్టాలూ స్కూటరెక్కాయా, కొన్నేనా?

సీతారామయ్య

తమ్ముడూ, నడుముకి నువ్వులనూనె కాచి రాసుకో. స్కూటరు మానెయ్యి. అమ్మణ్ణి.


కొండాపూర్,
30 మార్చి 1999

బావగారికి,

మీ ఉత్తరం విప్పి అంకెలు చూసి, నా దగ్గరున్న జాబితా పక్కన పెట్టుకున్నాను. 2, 3, 6, 7, 10. ఐదూ చలిగదివే! ఒక్కటి కూడా తప్పలేదు. అరవై ఎనిమిదేళ్ళ ముసలాణ్ణి ఒంటరిగా గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. కింది వాటా వాళ్ళు వచ్చి తలుపు తట్టారు.

తరవాత మీ ఆఖరి ప్రశ్న చదివాను.

అదే ప్రశ్న. ముప్పై రెండేళ్ళ కిందటి అదే ప్రశ్న! ఎలుకలు పోయి మనుషులొచ్చినా, నేను డిమాన్‌స్ట్రేటరు పోయి పెన్షనరు అయినా, మీ నోట్లో మాత్రం గొట్టమే. మీ చేత్తో మీరే కొలిచిన అంకె మీకు గొంతు దిగడం లేదు. అసూయ కూడా ముక్కిపోతుందనుకున్నాను. మీది చలిలో దాచినట్టు తాజాగా ఉంది.

మీ ప్రశ్నకి జవాబు చెప్పను. సదస్సుకి సారాంశం నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపేశాను. రాములుకీ చెప్పాను. అతను ఎగిరి గంతేశాడు. "సార్, ఇగ ఫికర్ లేదు. చలి అన్నీ సర్దుతదంటే పొద్దుగాల ఉరుకుడు సాలదు. మాపటీలి గూడ ఉరికిపిస్త" అని వసంతకి చలిగది మాన్పించకుండానే రోజుకి రెండు పూటలా పరుగు పెట్టాడు. నిన్న ఆ పిల్ల తన సమయంలోంచి తొమ్మిది సెకన్లు తగ్గించింది. మీ గొట్టాలు తగ్గిస్తాయా తొమ్మిది సెకన్లు?

బుల్లిబాబు


కొండాపూర్,
12 ఏప్రిల్ 1999

బావగారికి,

రెండు వారాలైంది, జవాబు లేదు. ఓడిపోయినవాడి మౌనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందులో నాకు మీకన్నా అనుభవం ఎక్కువ. కనీసం ఒక కార్డు ముక్క రాయొచ్చు: "బుల్లీ, నువ్వు అన్నది నిజం" అని. నాలుగు మాటలు. కమిటీలో మీకు నాలుగు మాటలే సరిపోయాయి.

సదస్సు వాళ్ళు నా సారాంశం అందినట్టు రాశారు.

వసంత చలిగదిలోంచి వచ్చేటప్పుడు ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. "ఏమే, కుంటుతున్నావు?" అన్నాను. "ఏం లేదు తాతా, గడ్డకట్టింది, జర సేపైతే ఇడుస్తది" అంది. ఆ వయసులో నాకూ అన్నీ విడిచేవి.

ఇక మీరు రాయకపోయినా ఫరవాలేదు.

బుల్లిబాబు


కాకినాడ,
13 ఏప్రిల్ 1999

చిరంజీవి బుల్లిబాబుకి,

ఆలస్యానికి కారణం ఉంది. నువ్వు జవాబు చెప్పనన్నావు కనక నా అంతట నేనే చూడాల్సి వచ్చింది.

నీ ముదురు గొట్టాలు ఐదింటిలోనూ పైన తేరిన ద్రవం కాస్త ఎర్రగా ఉంది. కుదుపుకి నెత్తురు కణాలు పగిలితే అలా అవుతుంది. నీ లేత గొట్టాల్లో ఆ ఎరుపు లేదు. అది నిన్ను అడిగే ముందే చూశాను. చెబితే నీ జవాబు నా మాట వెంట నడుస్తుందని చెప్పలేదు. అదే తప్పయిందేమో; నీకు మళ్ళీ నేను వెక్కిరిస్తున్నట్టు వినపడింది.

అందుకని ఈ పని చేశాను. మీ అక్కయ్య చేతిలోంచి నెత్తురు తీయించాను. ఒకే సూది, ఒకే నిమిషం. సగం వెంటనే ఐసులో పెట్టాను. సగం జేబులో వేసుకుని రిక్షా ఎక్కాను. మెయిన్ రోడ్డు, జగన్నాథపురం వంతెన, మళ్ళీ వెనక్కి, మధ్యాహ్నం ఎండలో గంటంబావు. రిక్షావాడు మొదటి రోజు "ఎక్కడికండి?" అన్నాడు. "ఎక్కడికీ కాదు, గోతులున్న దారిలో పోనియ్" అన్నాను. రెండో రోజు నుంచి అడగడం మానేశాడు. ఒక్కసారితో నమ్మక నాలుగు రోజులు చేశాను.

ఐసులో పెట్టిన అమ్మణ్ణి: 2.2.
రిక్షా ఎక్కిన అమ్మణ్ణి: 3.6.

మీ అక్కయ్య పరిగెత్తలేదు, చలిగదిలో నిలబడలేదు. పడక్కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. అయినా నీ రెండు గుంపులకీ మధ్య ఉన్నంత తేడా ఒక్క మనిషిలోనే వచ్చింది.

నీ చలి పని చెయ్యలేదని నేననడం లేదు. చేసిందో లేదో ఈ అంకెలు చెప్పలేవంటున్నాను. ఆ కోచ్‌కి వెంటనే చెప్పు. చలి నొప్పి తెలియనివ్వదు. నొప్పి తెలియని పిల్ల రెండు పూటలా పరిగెత్తడం నాకు నచ్చలేదు.

సీతారామయ్య

తమ్ముడూ, మీ ఇద్దరి పంతాలకీ నా రక్తమే దొరికిందా? నాలుగు రోజులు గుచ్చి చెయ్యి కందబెట్టారు. పేరంటంలో అందరూ అడిగితే పిల్లి గీరిందని చెప్పాను. నా నెత్తురుకి కూడా నీ మీద అసూయే అని అనవు కదా? అమ్మణ్ణి.


కొండాపూర్,
21 ఏప్రిల్ 1999

బావగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు చదివి చింపేద్దామనుకున్నాను. కింద అక్కయ్య రాసిన రెండు వాక్యాలు ఉన్నాయి కనక చింపలేకపోయాను.

జవాబు చెబుతున్నాను. కొన్నే స్కూటరెక్కాయి. గోడౌను మేనేజరు ఐదుగురికి మించి లోపలికి రానివ్వనన్నాడు. అందుకని చలి పిల్లలకి గోడౌను గుమ్మంలోనే నెత్తురు తీసి, ఆ నిమిషమే లోపల పెట్టాం. మిగతా ఐదుగురివి ఖాజాగూడలో తీసి డిక్కీలో వేసుకుని వచ్చాను. అది నాకు మోత పనిలా అనిపించింది, ప్రయోగంలో భాగం అనిపించలేదు. ఆ రోడ్డుని నేను నోరారా తిట్టాను గానీ ఒక్కసారి అనుమానించలేదు.

ఇంకొకటి రాయడానికి రెండు రోజులు పట్టింది. 1967లో చలి ఎలుకల్ని కింద చలిగదిలోనే కోశాను, ఐసు పక్కనే ఉండేది. మిగతావాటిని పై హాల్లో. ఆ ట్రే పట్టుకుని అటెండరు మూడంతస్తులు దిగేవాడు, మధ్యలో బీడీకి ఆగేవాడు. మీ మాటకి నవ్విన అటెండరే. వాడు ఎందుకు నవ్వాడో నాకిప్పుడు తెలిసింది.

రాములు దగ్గరికి వెళ్ళాను. పది మంది పిల్లల ముందు, నా లెక్క తప్పు, చలి ఏమీ సర్దినట్టు రుజువు లేదు, రెండో పూట పరుగు ఆపు అన్నాను. అతను ఇలా అన్నాడు:

"సార్, మీరు చెప్తెనే ఉరికిపిచ్చిన. పెద్ద సదువుల సారు అంటున్నడు గదా అని. ఇప్పుడు మీరే కాదంటిరి. ఇగ నేను ఎవలని నమ్మాలె?"

వసంతని బెంచీ మీద కూర్చోబెట్టి మోకాలి కింద ఎముక నొక్కితే పిల్ల పైకి ఎగిరింది. దవాఖానకి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత. ఆరు వారాలు పరిగెత్తకూడదు. మూడు వారాల నుంచి నొప్పి ఉందట. చలిగదిలోంచి వచ్చాక రెండు గంటలు తెలిసేది కాదట. అందుకే "ఏం లేదు తాతా" అంది.

కొమురయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సారు, తప్పు మీ కాగితంల పడ్డది. నొప్పి నా బిడ్డ కాలుల దిగింది" అన్నాడు. అని నాకు టీ పోయించాడు.

సదస్సుకి సారాంశం వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. కారణం కూడా పూర్తిగా రాశాను, అక్కయ్య పేరు మాత్రం రాయలేదు.

మీరు గెలిచారు. రెండుసార్లు.

బుల్లిబాబు


కాకినాడ,
29 ఏప్రిల్ 1999

ఒరే బుల్లీ,

నేను గెలవలేదు. ఈ ఉత్తరం నేను 1967లో రాయాల్సింది.

ఆ రోజు కమిటీలో ఆ మాట అన్నప్పుడు నాకు ఏమీ తెలియదు. నువ్వు పైన కోశావో కింద కోశావో చూడలేదు. ఊహించి అన్నాను. అందరూ నవ్వేసరికి మాట నిజమైపోయింది. తరవాత వారం రోజులు అనుకున్నాను, ఒక ఎలుక, రెండు గొట్టాలు, ఒకటి ఐసులో, ఒకటి బల్ల మీద. ఒక పూట పని. చెయ్యలేదు. చేస్తే నువ్వు నెగ్గుతావేమోనని భయం. నెగ్గితే కమిటీ ముందుకి మళ్ళీ వెళ్ళి తప్పయిందని నేను చెప్పాలి. నువ్వు పది మంది పిల్లల ముందు చెప్పావు చూడు, అది నావల్ల కాలేదు.

ఆ పూట పనే మొన్న రిక్షాలో చేశాను. ముప్పై రెండేళ్ళు ఆలస్యంగా. నా మాట నిజమైంది, నిజమే. గుడ్డివాడు విసిరిన రాయి కాయకి తగిలినట్టు.

వసంతకి కాల్షియం, పాలు, ఓపిక. ఆరు వారాలంటే జూన్ మొదటికి. పోటీ జూన్ చివరన్నావు. నీళ్ళలో ఈదితే దమ్ము తగ్గదు, ఎముక మీద బరువు పడదు. ఎక్కడైనా కొలను చూడు.

ఇంకో సంగతి. చలి నిజంగానే ఆ నష్టాన్ని తగ్గిస్తుందనుకో. తగ్గించడం మంచిదేనా? ఆ కాస్త పాడవడమే కండకి పాఠమేమో. పాఠం మాన్పించేసి పరీక్షకి పంపుతున్నామేమో. నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. మళ్ళీ చెయ్యి. ఒక పూటే పరుగు, ఒకే చోట సూది, ఒకే ఐసు.

బావ

తమ్ముడూ, ఈ ఉత్తరం రాశాక ఈయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. అమ్మణ్ణి.


కొండాపూర్,
13 జూన్ 1999

బావా,

రెండోసారి పంపిన గొట్టాల అంకెలతో నీ కార్డు అందింది. అంకెల సంగతి చివర చెబుతాను, ముందు పిల్ల సంగతి.

వసంత ఆరు వారాలూ పరిగెత్తలేదు. ఈదింది. యూనివర్సిటీ కొలనులో, పొద్దున్నే, నేను గట్టు మీద కాపలా. ఎలుకల్ని ఈదించిన పాపానికి నాకిది తగిన శిక్ష అని నవ్వుకున్నాను. మొన్నటి నుంచి మళ్ళీ మెల్లిగా పరుగు. మొదటి ముగ్గురిలో వస్తుందో రాదో తెలియదు. రాములు ఈ ఏడాది కష్టమంటున్నాడు, వచ్చే ఏడాది కూడా వయసు సరిపోతుందట. నావల్ల ఆ పిల్లకి ఒక ఏడాది పోయింది. ఇది నేను దేని మీదికీ తోయలేను, రోడ్డు మీదికి కూడా.

రెండోసారి ప్రయోగంలో ఆ పిల్లే నా గుమస్తా. వసంత బదులు ఇంకో పిల్ల పరిగెత్తింది. పదిమందికీ ఖాజాగూడ బండల నీడలోనే సూది. గొట్టం నిండిన నిమిషానికి ఐసులో. వసంత బండ మీద కూర్చుని, మోకాళ్ళ మీద నోటుబుక్కు, చేతిలో రాములు గడియారం, ప్రతి గొట్టానికీ టైము రాసింది. సగంలో తలెత్తి అడిగింది: "తాతా, పోయినపారి గీ గడియారం ఏడబోయింది మరి?" అంజమ్మ సూది పట్టుకుని నవ్వాపుకోలేకపోయింది. నవ్వులో నేనూ కలిశాను. ఈసారి అటెండరు నేనే కదా.

ఇప్పుడు అంకెలు. నీ కార్డు, నా జాబితా పక్కపక్కన పెట్టి చూశాను. చలిగది ఐదుగురు: 2.2. మిగతా ఐదుగురు: 2.4. లేత ముదురు అన్నీ కలగలిసిపోయాయి. చలిలో నిలబడ్డవాడొకడు అందరికన్నా ముదురు. తేడా ఉందనడానికి లేదు, లేదనడానికీ ఐదుగురు చాలరు. చప్పట్లు కొట్టుకోలేదు. కానీ ఆ 0.2 సందు దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. యాభై మంది ఉంటే? చలి పది వారాలైతే? మొదటి రోజు పెరిగి తరవాత తగ్గుతుందేమో, మనం చివరే చూశాం కదా? నువ్వన్న పాఠం సంగతి కూడా వదల్లేదు. రాత్రి భోజనం మర్చిపోయాను బావా. ముప్పై రెండేళ్ళుగా నేను ఒక జవాబుని పట్టుకుని కూర్చున్నాను. అది పోయాక ఇన్ని ప్రశ్నలు మిగులుతాయని తెలిస్తే ఎప్పుడో వదిలేసేవాణ్ణి.

అబద్ధం. వదిలేవాణ్ణి కాదు. నీ ఏప్రిల్ ఉత్తరాలు రానిదే వదిలేవాణ్ణి కాదు. నా థీసిస్ తప్పని ఒప్పుకున్నాను, కానీ ఆ పూట పని నువ్వు అప్పుడు చేసి ఉంటే నాకు తప్పు తెలిసేది, దిద్దుకునేవాణ్ణి. నవ్వు మిగిలేది కాదు. ఇది క్షమించానని రాయడం లేదు. క్షమించానో లేదో కొలిచే పరీక్ష ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

దగ్గరి పరీక్ష ఒకటి ఉంది. జూన్ 26న పోటీలు. నువ్వూ అక్కయ్యా గౌతమిలో వచ్చెయ్యండి. వసంత పరుగు చూద్దురు గాని. మర్నాడు అంజమ్మని పిలుస్తాను. నీకూ నాకూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో సూది, ఒకే ఐసులో రెండు గొట్టాలు. మీద పేర్లుండవు. ఏది ఎవరిదో అక్కయ్య ఒక్కతే రాసి కొంగున ముడేసుకుంటుంది. మనిద్దరిలో ఎవరు ఎక్కువ ముక్కిపోయారో నువ్వు కొలువు, ఆవిడ చెబుతుంది.

నడుముకి నూనె రాసుకుంటున్నానని అక్కయ్యకి చెప్పు. జంతికలు తెమ్మని కూడా.

నీ
బుల్లి